ఊరి పేరు, ఇంటిపేరు, రికార్డు పేరు: గోదావరి డెల్టా నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్యా, వాటికి అటూ ఇటూ ఉన్న ఊళ్లలో పేరు చిక్కు లేని ఇల్లు తక్కువ. ఆధార్‌లో ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకోలా, పట్టాదారు పాసుపుస్తకంలో మరోలా ఉంటుంది. ఊరి పేరుదీ అదే పరిస్థితి. గుమాస్తా పొరపాటు పడ్డాడని సరిపెట్టుకుంటాం గానీ, చాలాసార్లు కారణం అది కాదు. ఏ కాలంలో ఏ భాషలో పాలన నడిచింది, ఏ శాఖ ఏ నియమం పెట్టుకుంది అన్నదాన్ని బట్టే పేర్లు మారుతూ వచ్చాయి. నా మాట ముందే చెప్పేస్తాను: ఊరివాళ్లు పలికే తెలుగు పేరును మొదట ఖాయం చేసి, మిగతా భాషల రాతను దాన్నుంచి తీయాలి. మన దగ్గర ఇది ఎక్కువగా తలకిందులుగా జరిగింది.

రాజమండ్రి అనాలా, రాజమహేంద్రవరం అనాలా?

నోటితో ఏదన్నా తప్పు లేదు. ప్రభుత్వ కాగితం మీద మాత్రం రాజమహేంద్రవరం. 2015లో, గోదావరి పుష్కరాలు జరిగిన ఏడాదే, రాష్ట్ర ప్రభుత్వం పేరు మార్చింది. తూర్పు చాళుక్యుల నాటి పేరును తిరిగి తెచ్చామన్నది దాని ఉద్దేశం.

రాజమండ్రి అన్నది ఇంగ్లీషువాళ్లు పాడుచేసిన పేరని కొందరు కోప్పడతారు. నేను ఒప్పుకోను. పొడవాటి పేరు నాలుక మీద అరిగి పొట్టిదవడం మన భాషలో రోజూ జరిగేదే. ఇంగ్లీషువాళ్లు చేసిందల్లా ‘రాజా’ తర్వాత ఒక హెచ్ చేర్చి, మండ్రిని తమ చెవికి తోచినట్టు రాసుకోవడం. మార్చాల్సింది ఆ రాత ఒక్కటే అనుకుంటే రాజమండ్రిని తెలుగులో అలాగే ఉంచి స్పెల్లింగు సరిచేసినా సరిపోయేది. పాత పేరు తేవడంలో గౌరవం ఉంది, కాదనను. కానీ చుట్టుపక్కల ఊళ్ల బస్టాండుల్లో కండక్టరు ఇప్పటికీ ‘రాజమండ్రి, రాజమండ్రి’ అనే పిలుస్తాడు. ఆ పిలుపు కూడా తెలుగే.

కాకినాడ ‘కోకనాడ’, ఏలూరు ‘ఎల్లూరు’ ఎలా అయ్యాయి?

కంపెనీ కాలంలో ఊరి పేరును విన్నవాడు విన్నట్టు రాసుకున్నాడు. డచ్చివాడికి ఒకలా వినపడింది, ఫ్రెంచివాడికి ఒకలా, ఇంగ్లీషువాడికి మరోలా. పాలకొల్లు డచ్చి కాగితాల్లో ‘పాలికోల్’. కాకినాడలో ఇప్పుడు జగన్నాథపురం అంటున్న పేట వాళ్ల లెక్కల్లో ‘జగ్గర్నాయక్‌పూరం’. పిఠాపురం సంస్థానం ఇంగ్లీషులో ‘పిట్టాపూర్’. ధవళేశ్వరం ‘డౌలేశ్వరం’.

1870ల్లో ఇంగ్లీషు ప్రభుత్వం ఈ గందరగోళాన్ని సర్దడానికి డబ్ల్యూ. డబ్ల్యూ. హంటర్ అనే అధికారి రూపొందించిన పద్ధతిని తీసుకుంది. ఒక్కో అచ్చుకు, ఒక్కో హల్లుకు ఇంగ్లీషులో ఫలానా రాత అని లెక్క కట్టిన పద్ధతి అది. మన పటాల్లో ఊళ్ల పేర్లు ఈనాటికీ ఆ బాటలోనే రాస్తున్నారు. అయితే అప్పటికే బాగా చెలామణీలో ఉన్న పేర్లను కదపలేదు. అందుకే 1923 డిసెంబరులో కాకినాడలో జరిగిన కాంగ్రెస్ మహాసభ ఇంగ్లీషు కాగితాల్లో ‘కోకనాడ కాంగ్రెస్’గానే ఉంటుంది.

ఆ పాత రాతలు చూడాలనుంటే రైలు టికెట్టు తీసి చూడండి. కాకినాడ టౌన్ స్టేషన్ కోడ్ ‘సీసీటీ’. కాకినాడలో సి ఎక్కడుంది? కోకనాడలో ఉంది. కాకినాడ పోర్టు ‘సీఓఏ’. ఏలూరు కోడ్ ‘ఈఈ’, అది ఎల్లూరు నుంచి వచ్చింది. ఊరి పేరు మారినా కోడ్ చాలాసార్లు మారదు. రిజర్వేషన్లూ సరుకు లెక్కలూ అన్నీ దాని మీదే నడుస్తాయి కాబట్టి రైల్వేవాళ్లు తేలిగ్గా దాని జోలికి పోరు.

మన ఊరి పేరు బయటి దేశాల్లో నిలిచిన సందర్భాలున్నాయా?

ఉన్నాయి. నరసాపురం పక్కన మాధవాయిపాలెం ఉంది కదా, సఖినేటిపల్లికి పంటు (మనుషుల్ని, బండ్లను దాటించే పెద్ద పడవ) కట్టే రేవు. 17వ శతాబ్దంలో అక్కడ ఇంగ్లీషువాళ్ల వర్తక స్థావరం ఉండేది. అక్కణ్ణుంచి ఎగుమతైన నూలు గుడ్డను వాళ్లు ‘మడపొల్లం’ అన్నారు. ఫ్రెంచివాళ్లు ఆ రకం గుడ్డను ఇప్పటికీ ఆ పేరుతోనే అడుగుతారు. నేసినవాళ్ల పేర్లు ఎక్కడా మిగల్లేదు గానీ ఊరి పేరు మిగిలింది.

కోరంగిదీ అలాంటి కథే. ఆ రేవు నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లిన తెలుగు కూలీలందరినీ, ఊరు ఏదైనా సరే, బర్మాలో ‘కోరంగీలు’ అనేవారు. వాళ్లలో కోరంగి మొహం ఆ ఓడెక్కిన రోజు తప్ప చూడనివాళ్లే ఎక్కువ.

ఇంగ్లీషువాళ్లకు ముందు ఏ భాష ప్రభావం ఉంది?

పారశీకం. ఏలూరు, రాజమండ్రి సర్కార్లుగా, అంటే అప్పటి పాలనా విభాగాలుగా ఉన్నప్పుడు పన్ను లెక్క ఆ భాషలో నడిచింది. తాలూకా, జమాబందీ అప్పటివే. అడంగల్ (పొలం, పంట వివరాల రికార్డు) మీద ‘ఫసలీ 1434’ అని కనిపిస్తే కంగారు పడొద్దు. జులై 1న మొదలయ్యే పంట సంవత్సరం అది. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అంటే 2024. తాలూకాలు 1985లో పోయి మండలాలు వచ్చాయి. ఫసలీ మాత్రం పోలేదు.

ఊరికి ఇనీషియల్ ఏమిటి? ఐ. పోలవరం, పి. గన్నవరం, యు. కొత్తపల్లి అని ఎందుకు రాస్తారు?

ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లు ఉండటం వల్ల. గోదావరి గట్టు మీద ప్రాజెక్టు ఉన్న పోలవరం ఒకటి, కోనసీమలో ఇంకొకటి. కృష్ణా జిల్లాలో విమానాశ్రయం ఉన్న గన్నవరం ఒకటి, వైనతేయ ఒడ్డున ఇంకొకటి. ఉత్తరం దారి తప్పకూడదు, రికార్డు కలిసిపోకూడదు. కాబట్టి తేడా చూపించాల్సిందే, అందులో తప్పు పట్టను.

కానీ ఎలా చూపించారో చూడండి. యు. కొత్తపల్లినే తీసుకోండి, ఊరివాళ్లు దాన్ని ఉప్పాడ కొత్తపల్లి అంటారు. పక్కనే జాందానీ చీరలు నేసే ఉప్పాడ ఉంది కాబట్టి ఆ గుర్తు. ఆఫీసు భాష ఇంగ్లీషు కావడంతో ఉప్పాడలోని మొదటి ఇంగ్లీషు అక్షరం పట్టుకుని ‘యు’ అన్నారు. అది మళ్లీ తెలుగులోకి ‘యు. కొత్తపల్లి’ అని వచ్చింది. తెలుగు ఊరికి తెలుగులో పేరు రాస్తూ ‘ఉ’ని ‘యు’ చేయడం నాకు బాధగానే ఉంటుంది. బోర్డు మీద ఇంకో రెండు అక్షరాలు పట్టవా? ఉప్పాడ కొత్తపల్లి అని రాస్తే ఏ ఊరో చూసినవాడికి తెలుస్తుంది, సముద్రం కూడా గుర్తొస్తుంది.

యానాంలో పేర్లు వేరేగా ఉంటాయంటారు, నిజమా?

కొంత నిజం. చుట్టూ గోదావరి జిల్లాలే అయినా యానాం ఫ్రెంచి పాలనలో ఉండి 1954లో భారత్ చేతికి వచ్చింది, 1962లో చట్టపరంగా కలిసింది. వాళ్లకు అది ‘యనావోఁ’. పుట్టుక, పెళ్లి, చావు ఫ్రెంచి రిజిస్టర్లలో ఎక్కేవి. ఫ్రెంచిలో ‘ఊ’ పలకాలంటే ఓ, యు రెండూ కలిపి రాయాలి. కాబట్టి ‘సూర్య’ అన్న పేరు గౌతమికి ఈ ఒడ్డున యానాం రిజిస్టరులో ఒకలా, ఆ ఒడ్డున ఎదుర్లంకలో మద్రాసు ప్రెసిడెన్సీ లెక్కలో ఇంకోలా ఉండేది. అటు అన్న, ఇటు తమ్ముడు ఉన్న ఇళ్లలో కూడా ఇంటిపేరు రెండు రాతల్లో నడిచింది.

ఇంకో సంగతి ఉంది. ఫ్రెంచి ఇండియాలో 1881 నాటి డిక్రీ ప్రకారం, సొంత కులమత ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి పౌర చట్టం కిందికి రావాలనుకునేవాళ్లు వంశానికంతటికీ చెల్లే ఒక ఇంటిపేరు ఎంచుకుని రాయించుకోవాలి. ప్రభుత్వం ‘నీకు ఇంటిపేరు కావాలి, చెప్పు’ అని అడగడమన్నమాట. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందే ఉంది కాబట్టి ఆ నియమం యానాంలో కంటే ఇంటిపేరు వాడుక లేని తమిళ ప్రాంతంలో ఎక్కువ మార్పు తెచ్చింది.

ఇప్పుడు పుదుచ్చేరి అధికార భాషా చట్టం కింద యానాం వరకు తెలుగు వాడుకోవచ్చు. ఫ్రెంచి కూడా పూర్తిగా పోలేదు. ప్రజాప్రతినిధులు వద్దని తీర్మానించేదాకా ఉంటుందని 1956 ఒప్పందంలో రాసుకున్నారు.

జిల్లా పేర్లు ఎవరు పెడతారు? కోనసీమ పేరు మీద అంత గొడవ ఎందుకైంది?

1974 నాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాల ఏర్పాటు చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం పెడుతుంది. ముందు ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, 30 రోజులు అభ్యంతరాలు, సలహాలు తీసుకుని, తర్వాత తుది నోటిఫికేషన్ ఇవ్వాలి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. అంబేద్కర్ పేరు పెట్టాలని దళిత సంఘాలు అడిగాయి. మేలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చారు. మే 24న అమలాపురంలో దానికి వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపు హింసగా మారి, ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. జూన్‌లో మంత్రివర్గం ఆ పేరునే ఆమోదించింది.

‘కోనసీమ పేరు పోతోంది’ అన్నది అప్పుడు వినపడిన మాట. పేరు పోలేదు. ముందు ఇంకో పేరు చేరింది, అంతే. జిల్లా పేర్లలో రాజులకూ నాయకులకూ చోటు దొరికినప్పుడు రాని కోపం ఈ పేరుకే ఎందుకొచ్చిందో కోనసీమలో అందరికీ తెలుసు. ఈ పేరు ఈ నేలకు గౌరవమని నేను నమ్ముతాను.

ఆ 2022 విభజనలో మరో చిక్కు కూడా పడింది. 1925లో గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది, కృష్ణా జిల్లాలోంచి విడదీసి పశ్చిమ గోదావరి చేశారు. నదికి ఏ పక్కనున్నదాన్ని బట్టి పేరు. ఇప్పుడు నదికి పడమటి వైపున ఉన్న కొవ్వూరు, నిడదవోలు తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నాయి. స్కూలు పిల్లలకు దిక్కులు చెప్పేటప్పుడు టీచర్లు దీన్ని విడమరచి చెప్పాల్సి వస్తోంది.

ఊరి పేరు మారితే స్టేషన్ బోర్డు కూడా తనంతట తానే మారుతుందా?

మారదు. రైల్వే కేంద్రం చేతిలో ఉంది. ఊరి పేరు మార్చడానికి రాష్ట్రం పంపిన ప్రతిపాదనను కేంద్ర హోంశాఖ చూస్తుంది. రైల్వే, తపాలా శాఖ, సర్వే ఆఫ్ ఇండియా అభిప్రాయం అడుగుతుంది. ఆ పేరుతో ఇంకో ఊరు ఉందేమో సరిచూస్తారు. దీనికి ఆధారం 1953లో హోంశాఖ రాష్ట్రాలకు రాసిన లేఖ. జనానికి అలవాటైన పేర్లను వీలైనంతవరకు మార్చవద్దని, చరిత్రతో ముడిపడ్డ పేర్ల జోలికి పోవద్దని, కేవలం స్థానికాభిమానం కోసమో భాష కోసమో మార్చవద్దని అందులో ఉంది. అది ఆంధ్ర రాష్ట్రం భాష పేరుతో పుట్టిన ఏడాది కూడా. రెండూ ఒకే ఏడాది రావడం నాకు ఆశ్చర్యం కలిగించదు. భాషా రాష్ట్రాలు వస్తే పాత పేర్లన్నీ మారిపోతాయేమోనన్న బెంగ ఢిల్లీలో అప్పుడు ఉండేదనే అనుకుంటాను.

బోర్డు మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ ఉంటాయి. తెలుగులో సామర్లకోట అని ఉంటుంది, ఇంగ్లీషులో ‘సామల్‌కోట్’. మనం నరసాపురం అంటాం, రైలు మాత్రం ‘నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్’. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా రైలు మార్గం పని సాగుతోంది. కొత్త స్టేషన్ల పేర్లు పాత రాతలో చిక్కుకోకముందే పంచాయతీలు తెలుగు పేరు, దాని ఇంగ్లీషు రాత తీర్మానం చేసి పంపితే మేలు.

మన ఇంటిపేర్లకూ ఊళ్లకూ సంబంధం ఏమిటి?

ఎక్కువ ఇంటిపేర్లు వలస వచ్చిన ఊరి పేర్లే. ‘ఊరు’ అని ముగిసేది ‘ఊరి’ అవుతుంది, ‘పాడు’ ‘పాటి’ అవుతుంది, ‘వరం’ ‘వరపు’, ‘పురం’ ‘పురపు’ అవుతాయి. ముదునూరి, భమిడిపాటి లాంటివి చూడగానే తెలిసిపోతాయి. కలిదిండి అయితే ఉన్నదున్నట్టే నిలిచింది. ఆ ఊరు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది, ఆ ఇంటిపేరువాళ్లు భీమవరం చుట్టుపక్కల చాలామంది. ఊరి పేరు ప్రభుత్వం మార్చినా ఇంటిపేరులో పాత ఊరు అలాగే ఉండిపోతుంది.

పాస్‌పోర్టుకు పేరు ఎలా రాయాలి?

అన్నిటికంటే ఎక్కువగా అడిగేది ఇదే, ఎక్కువమంది ఇబ్బంది పడేదీ ఇక్కడే. తెలుగులో ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. పాస్‌పోర్టులో రెండిటికీ వేరు గడులున్నాయి. బడిలో ఇనీషియల్స్‌తోనే పేరు ఉంటే అక్కడ విడదీసి రాయాలి.

అన్నవరం స్వామి పేరు వీర వెంకట సత్యనారాయణ. మొక్కు తీర్చుకుని ఆ పేరు మొత్తం పెట్టుకున్న మగపిల్లలు డెల్టా అంతా ఉన్నారు. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే రెండు వరుసలుంటాయి. వాటిలో పేరుకు దొరికేవి 39 గళ్లు. వీర వెంకట సత్యనారాయణను ఇంగ్లీషులో మామూలుగా రాస్తే ఖాళీలతో కలిపి 27 పోతాయి. ఇంటిపేరుకూ సొంత పేరుకూ మధ్య గుర్తు కోసం ఇంకో రెండు. మిగిలేవి 10. ముమ్మిడివరపు లాంటి ఇంటిపేరైతే చివర కత్తిరించక తప్పదు. చివర ‘మూర్తి’ కూడా ఉంటే చెప్పనక్కర్లేదు. ఆ రెండు వరుసలకు పైన, మామూలు అక్షరాల్లో పేరు పూర్తిగా అచ్చవుతుంది కాబట్టి ప్రయాణం ఆగదు, కానీ టికెట్టు మీద ఏది రాయాలో తెలియక కంగారు పడతారు. అలా పూర్తిగా అచ్చైనదే రాయండి.

ఇంటిపేరు గడి ఖాళీగా వదలొద్దు. కోనసీమ నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. చాలామంది పాత కాగితాల్లో ‘సత్యవతి’ అనో ‘మరియమ్మ’ అనో ఒకే మాట ఉంటుంది. పాస్‌పోర్టులో ఒకే పేరుంటే విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో చెప్పింది. అమెరికా వీసాలో అయితే ఉన్న ఒక్క పేరునూ ఇంటిపేరుగా తీసుకుని, సొంత పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని వేస్తారు. పేరు తెలియదని దాని అర్థం. అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరున్న మనిషిని అలా రాయడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

సీతకు టి ఒక్కటే రాయాలా, హెచ్ కూడా చేర్చాలా?

హంటర్ పద్ధతిలో ‘త’కూ ‘ట’కూ ఒకే టి. మన వాడుకలో ‘త’కు టీహెచ్ రాయడం అలవాటు. ఏదైనా పర్వాలేదు, కానీ ఒక్కటే పట్టుకోండి. ఆధార్‌లో పేరు మార్పుకు జీవితంలో రెండుసార్లే అవకాశం.

పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలా?

ఏ చట్టమూ మార్చుకోమనదు. పుట్టింటి పేరుతోనే పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతా, పొలం అన్నీ నడుస్తాయి. మార్చుకోవాలనుకుంటే అన్నిట్లోనూ మార్చండి. సగం అటూ సగం ఇటూ ఉంచితే పింఛన్ దగ్గర తిరగాల్సి వస్తుంది.

బిడ్డ పేరు ఎప్పటిలోగా నమోదు చేయించాలి?

పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయించాలి. పేరు ఇంకా పెట్టకపోయినా పర్వాలేదు. ఏడాదిలోపు పేరు ఉచితంగా చేర్పించవచ్చు, తర్వాత 15 ఏళ్లదాకా రుసుము కట్టి చేర్పించవచ్చు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకు బడిలో చేరడం మొదలు చాలా పనులకు పుట్టిన తేదీ రుజువు ఈ సర్టిఫికెట్టే. పంచాయతీ కార్యదర్శి రాసేటప్పుడు తెలుగు రాతా ఇంగ్లీషు రాతా రెండూ కాగితం మీద రాసి చేతికివ్వండి. బడి అడ్మిషన్ రిజిస్టరులో ఎక్కేదీ అదే, అక్కణ్ణుంచి పదో తరగతి నామినల్ రోల్‌కు (పరీక్ష రాసేవాళ్ల జాబితాకు) వెళ్లేదీ అదే.

కాలనీలకు నాయకుల పేర్లు పెడుతుంటే పాత పేర్లు ఏమవుతున్నాయి?

మాసిపోతున్నాయి. ఇందిరమ్మ కాలనీ, ఎన్టీఆర్ కాలనీ, జగనన్న కాలనీ అన్న పేర్లు చాలా మండలాల్లో వినిపిస్తాయి. కులం పేరుతో పిలిచే పల్లెకు అంబేద్కర్ నగర్ అని పెట్టుకున్నచోట అది అవసరమైన మార్పు, అక్కడివాళ్లు కోరి తెచ్చుకున్నది. కానీ మెరక, పల్లం, తిప్ప, లంక అన్న పేర్లున్నచోట నాయకుడి పేరు పెట్టేముందు ఒకసారి ఆలోచించాలి. వరదకు ముందు మునిగేది పల్లం, నిలిచేది మెరక. గోదావరికి మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రాత్రి ట్రాక్టరు ఎటు పోవాలో, గొడ్లను ఎక్కడికి తోలాలో ఆ పేర్లు తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కొత్తగా వచ్చిన అధికారికి కాలనీ పేరు ఆ సంగతి చెప్పదు.

మా ఊరి పేరు బోర్డు మీదో రికార్డులోనో తప్పుగా ఉంది. ఎవరిని అడగాలి?

ముందు గ్రామసభలో తీర్మానం చేయించండి. తెలుగులో ఇలా, ఇంగ్లీషులో ఇలా అని రెండు రాతలూ అందులో ఉండాలి. రెవెన్యూ గ్రామం పేరు అయితే తహసీల్దారు ద్వారా కలెక్టరుకు పంపాలి. అది శివారు గ్రామమో (పెద్ద ఊరి కింద ఉండే చిన్న పల్లె) రెవెన్యూ గ్రామమో (సొంత భూమి రికార్డులున్న ఊరు) ముందే సరిచూసుకోండి, దారి అక్కడే మారుతుంది. రోడ్డు బోర్డులో అక్షరదోషం మాత్రమే ఉంటే ఆ రోడ్డు చూసే శాఖకు ఫొటోతో అర్జీ చాలు. 216 జాతీయ రహదారి మీదైతే జాతీయ రహదారుల విభాగం, ఊళ్లోకి వెళ్లే రోడ్డు మీదైతే ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) లేదా పంచాయతీరాజ్. పాత శిలాశాసనంలోనో, దేవాలయం రికార్డులోనో, తాతల నాటి దస్తావేజులోనో ఊరి పేరు ఉంటే నకలు జత చేయండి. అర్జీ తెలుగులోనే రాయండి. 1966 అధికార భాషా చట్టం ప్రకారం రాష్ట్రానికి అధికార భాష తెలుగు. అందిన రసీదు తీసుకుని దాచండి.